చూశానని రాశాను

భీమిలి,
జులై 19, 2024.

ఛాయాదేవి మేడమ్‌గారికి హరిత నమస్కారాలు.

ఇన్నేళ్లకు గుర్తొచ్చానా అని ముందు తిట్టండి, తర్వాత చదవండి. ఫోను చేద్దామని నాలుగుసార్లు మీ నంబరు తీశాను. ఫోనులో నేను నసుగుతాను, మీరు కసురుతారు, అసలు సంగతి మధ్యలో ఎక్కడో జారిపోతుంది. అందుకే ఉత్తరం.

మూడోసారి కూడా సివిల్స్ పోయి, కరోల్ బాగ్‌లో గది ఖాళీ చేయాల్సిన రోజున మీ ల్యాబ్‌కు వచ్చాను. "పరీక్షలు రాయడం రాదు, సరే. చూడటం వచ్చా?" అని అడిగి పనిలో పెట్టుకున్నారు. ఆ రెండేళ్లలో నేర్చుకున్నదే ఇప్పటికీ అన్నం పెడుతోంది.

ఇప్పుడు నేను భీమిలి దగ్గర సముద్రంలో ఒక సాగు చూస్తున్నాను. చేపలు కాదు, రొయ్యలు కాదు. మీరు ముప్ఫై ఏళ్లు చదివిన సీ స్క్వర్టులే! ఇక్కడి ఆడవాళ్లు వాటిని నీటితిత్తులంటారు. పిసికితే రెండు మూతుల్లోంచీ నీళ్లు చిమ్ముతాయి కదా, అందుకని. ఒడ్డుకు అర కిలోమీటరు దూరంలో పీపాలు తేల్చి, వాటికి అరవైనాలుగు తాళ్లు వేలాడదీశాం. ఒక్కో తాడును పట్టుకుని వందల తిత్తులు. మందుల పరిశోధన చేసే కంపెనీ ఒకటి వాటిని కొంటుంది. పదకొండుమంది మత్స్యకార స్త్రీలు సంఘంగా ఏర్పడి నడుపుతున్నారు. నేను వాళ్ల దగ్గర జీతానికున్న సైన్సు మనిషిని. సంఘానికి పెద్ద మాణిక్యం. యాభై దాటిన మనిషి. నీళ్లలో చెయ్యి పెట్టి ఏ తాడు బరువెక్కిందో చెప్పేస్తుంది.

రెండు వారాలుగా తిత్తుల తొక్క మెత్తబడుతోంది. తోలులా బిర్రుగా ఉండాల్సింది నానిన అప్పడంలా అవుతోంది. తాకితే మూతి ముడుచుకోవాలి, ముడుచుకోవడం లేదు. ఆపైన నాలుగైదు రోజులకు తొక్క చిరిగి లోపలిదంతా జారిపోతోంది. ప్రస్తుతానికి ఆరు తాళ్లకు వచ్చింది.

జూన్ చివరినుంచి విడవకుండా వానలు. గోస్తని నది నుంచి మంచినీళ్లు సముద్రంలోకి దిగుతున్నాయి. ఉప్పు తగ్గి ఇలా అయితే తాళ్లను లోతుకు దించితే సరిపోతుంది. అంటురోగమైతే మాత్రం ఆ ఆరింటినీ, వాటి పక్కవాటినీ వెంటనే పైకి తీసి ఒడ్డున పూడ్చాలి. రెండిట్లో ఏదో తేల్చగలిగిన మనిషి నాకు తెలిసి మీరొక్కరే.

విశాఖలో ఒక కాలేజీ ల్యాబ్‌లో తొక్కను పలచగా కోయించి, రంగు వేయించి, పన్నెండు గాజు స్లైడులు పంపుతున్నాను. ఫోటోలు తీసి మెయిల్ చేయొచ్చు కానీ తెర మీది రంగును మీరు ఏనాడూ నమ్మలేదు. ఇక్కడున్న పాత మైక్రోస్కోపులో నేనూ చూశాను. నా కన్ను మీద నాకు నమ్మకం లేదు. మీరు చూసి చెప్పండి.

హరిత


ద్వారక,
ఆగస్టు 6.

చిరంజీవి హరితకు,

తిట్టమన్నావు కనక తిట్టను. స్లైడులు పన్నెండూ పగలకుండా వచ్చాయి. గేటు దగ్గర గార్డు "మేడమ్, ఆప్‌కే నామ్ కా పార్సల్" అని ఇంటర్‌కమ్‌లో చెబితే పొరపాటేమో, ఇంకోసారి పేరు చదవమన్నాను.

నేను రిటైరై ఆరేళ్లయింది. నువ్వున్న కరోల్ బాగ్‌కు మెట్రోలో ముప్పావు గంట దూరం, ఈ అపార్ట్‌మెంట్ల సొసైటీలో ఆరో అంతస్తులో ఉంటున్నాను. ల్యాబ్‌వాళ్లు పాతసామానులో వేయబోయిన నా మైక్రోస్కోపును అడిగి తెచ్చుకున్నాను. కిటికీ పక్కన బల్ల మీద ఉంది. రెండు రోజులు కూర్చుని చూశాను. తొక్క పొరలు పలచబడ్డాయి, పోగులు విడిపోయాయి. అక్కడక్కడ రక్తకణాలు. పరాన్నజీవి జాడ లేదు. పన్నెండూ చూశాను. అనుమానం పెట్టుకోకు.

ఇది మంచినీళ్ల దెబ్బే. ఆ తొక్క సంగతి నీకు నేను చెప్పిందే. చెట్లు చేసుకునే సెల్యులోజును తన ఒంట్లో తయారుచేసుకునే జంతువు అదొక్కటే. దానికి బోలెడు శక్తి కావాలి. ఉప్పు తగ్గితే తిత్తి మూతులు బిగించుకుంటుంది. మూతులు మూస్తే నీరు లోపలికి రాదు, నీరు రాకపోతే తిండి లేదు, గాలి లేదు. వారం రోజులు అలా బిగబట్టుకున్న ప్రాణి తొక్కను ఏం పోషిస్తుంది? తాళ్లను రెండు మీటర్లు కిందకు దించండి. అక్కడ ఉప్పు ఉంటుంది. ఒత్తుగా పెరిగినచోట సగం ఏరేయండి.

నువ్వు చేరిన మొదటి నెలలో తమిళతీరంలోని మండపం ఊరి నుంచి తెప్పించిన తిత్తిని గాజుగిన్నెలో పెట్టి గుండె చూపించాను, జ్ఞాపకం ఉందా? కాసేపు ఒకవైపుకు కొట్టుకుని, ఆగి, రెండోవైపుకు కొట్టుకోవడం మొదలుపెడితే నువ్వు భయపడి "మేడమ్, చచ్చిపోతోంది" అని అరిచావు. దాని గుండె అంతే. ఆగిన ప్రతిసారీ చచ్చినట్టు కాదు.

అక్షరాలు ఇంత పెద్దగా ఉన్నాయేమిటని అనుకోకు. బజారులో లావు పెన్నులే దొరికాయి.

ఇక్కడ మనుషులు లేరని కాదు. లిఫ్టులో ఎవరు ఎక్కినా "ఆంటీ, ఠీక్ హో?" అంటారు. ఠీక్ అంటాను. అంతలో వాళ్ల అంతస్తు వచ్చేస్తుంది. స్లైడులు ఇంకా ఉంటే పంపు. నాకు శ్రమేమీ లేదు.

ఛాయాదేవి


భీమిలి,
సెప్టెంబర్ 10.

మేడమ్‌గారికి నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని సంఘంలో అందరికీ చదివి వినిపించాను. పూడ్చక్కర్లేదని తెలిసి కొందరు ఏడ్చారు. మర్నాడే పడవలు కట్టుకుని వెళ్లి అరవైనాలుగు తాళ్లూ రెండు మీటర్లు దించాం. ఒత్తుగా ఉన్నవి ఏరేశాం. మూడు రోజులు పట్టింది.

వానలు ఇప్పుడు తగ్గాయి. ఉప్పు కొలిచి చూస్తే మామూలుగానే ఉంది. కానీ మెత్తబడటం ఆగలేదు. ఇప్పుడు తొమ్మిది తాళ్లకు ఉంది. మీరు చెప్పినట్టు కోలుకోవడానికి సమయం పడుతుందేమో.

మాణిక్యం మాత్రం ఒప్పుకోవడం లేదు. నిన్న పడవలో నా పక్కన కూర్చుని, "అమ్మా, ఉప్పు తగ్గితే అన్ని తాళ్లూ ఒకపాలే మెత్తబడాల గదా? ఇది ఈ తాడుకాణ్నించి ఆ తాడుకి, పక్కింటికెల్లినట్టు ఎల్తంది" అంది. "పెద్ద మేడమ్‌గారు స్వయంగా చూశారు" అన్నాను. ఆమె తన చేతిలో ఉన్న తిత్తిని పిసికింది. నీళ్లు చిమ్మలేదు, ఊరికే కారాయి. దాన్ని నా ఒళ్లో పెట్టి తెడ్డు అందుకుంది.

ఇంకో ఎనిమిది స్లైడులు పంపుతున్నాను. ఇవి కొత్తగా మెత్తబడిన తాళ్లవి. దయచేసి ఇంకోసారి చూస్తారా?

మీ ఒంట్లో ఎలా ఉంది? చలికాలం రాకముందే ఎవరినైనా తోడు పెట్టుకోరాదూ?

హరిత


ద్వారక,
అక్టోబర్ 3.

చిరంజీవి హరితకు,

ఇది నా దస్తూరి కాదు. మణికట్టు నొప్పిగా ఉండి పెన్ను పట్టుకోలేకపోతున్నాను. నేను చెబుతుంటే మా పై అంతస్తులో ఉండే కమల రాస్తోంది. ఆమెది సామర్లకోట. భర్త కేశవరావుగారు సైన్యంలో సుబేదారు. కంటోన్మెంట్‌లో క్వార్టరు దొరక్క ఇక్కడ అద్దెకుంటున్నారు.

రెండో పార్సిల్ అందింది. ముందు చెప్పిందే మళ్లీ చెబుతున్నాను. నీళ్లు బాగుపడ్డ మరునాడే జంతువు బాగుపడదు. తొక్క మళ్లీ అల్లుకోవడానికి వారాలు పడుతుంది. తొందరపడి తాళ్లను అటూ ఇటూ కదిలించకండి.

మీ మాణిక్యం నీళ్లలో పుట్టి పెరిగిన మనిషే కావచ్చు. చేత్తో పిసికి చెప్పడానికి ఇదేమీ మామిడిపండు కాదు. నేను ఈ జంతువుల తొక్కలను వేల సంఖ్యలో కోశాను. ఓడల అడుగున అంటుకున్న చెత్త అని అందరూ గీకి పారేసే రోజుల్లో విశాఖ రేవులో బుట్ట పట్టుకుని ఏరుకున్నాను. అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగితే ఎదుటివాళ్లను నమ్మడం లేదని అర్థం.

తోడు సంగతి ఎత్తకు. నేను బాగానే ఉన్నాను.

ఛాయాదేవి

అండీ హరితగారూ, అమ్మగారు చెప్పిందంతా పైన రాసేశానండి. ఇది నా అంతట నేను రాస్తన్నాను. ఆవిడ టీ పెడతానని వంటింట్లోకెళ్లారు. ఆవిడ చేతికేం కాలేదండి. కళ్లండి. ఏడాదిన్నర్నించి చూపు నడిమధ్యలో నల్లగా అయిపోయిందంట. పక్కల్నించి కొంచెం కొంచెం కనపడుద్ది. నన్ను కూడా గొంతుని బట్టే పోల్చుకుంటారు. మీ మొదటి పార్సిల్ వచ్చినప్పుడు ఆ గాజుముక్కలు ఒక్కోటీ మిషన్ మీద పెట్టి, మెడ అటూ ఇటూ తిప్పుకుంటా పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆఖరికి "అంతా గులాబీరంగేనే కమలా, ఒట్టి గులాబీరంగు" అన్నారు. మీ రెండో పార్సిల్ అయితే విప్పనే లేదండి. బీరువాలో పెట్టేశారు. మీ ఉత్తరం చదివి వినిపించింది నేనే. అందులో ఎవరి బతుకో ఉందనిపించి ఇది రాస్తన్నాను. నేను చెప్పానని తెలిస్తే నన్ను గుమ్మం ఎక్కనియ్యరు. పర్లేదండి. — కమల


భీమిలి,
అక్టోబర్ 21.

మేడమ్‌గారికి,

మీ ఉత్తరం కింద కమలగారు రాసింది చదివాను.

నేనూ మీ దగ్గర ఒకటి దాచాను. సెప్టెంబర్‌లో తొమ్మిది తాళ్లని రాశాను. అప్పటికే ఇరవైమూడు. మీ మాట తప్పయిందని మీకు చెప్పడానికి మనసొప్పక తగ్గించి రాశాను. ఈరోజుకు అరవైనాలుగూ పోయాయి.

గడిచిన సోమవారం మొదలుపెట్టి తాళ్లన్నీ పైకి తీశాం. ఒక్కో తాడును పడవలోకి లాగుతుంటే తిత్తులు చేతుల్లోనే చిరిగిపోయాయి. ఆ వాసన చెప్పలేను. ఒడ్డున నడుములోతు గొయ్యి తవ్వి, సున్నం చల్లి పూడ్చాం. పదకొండుమందిలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మాణిక్యం ఆఖరి తాడు పూడ్చేదాకా ఉండి, చేతులు కడుక్కుని, మర్నాటినుంచి రొయ్యల షెడ్డుకు వెళ్లిపోయింది. అక్కడ రోజంతా ఐసులో చేతులు పెట్టి తలలు వలవాలి.

ఆగస్టులో మీరు "చూడలేను" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆరు తాళ్లతోనూ, పక్కవాటితోనూ పోయేది. మీరు "చూశాను" అని రాశారు. రెండుసార్లు రాశారు.

హరిత


ద్వారక,
నవంబర్ 12.

హరితా,

ఇది నా చేత్తోనే రాస్తున్నాను. గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఓపిక పట్టి చదువు.

కమల రాసింది నిజం. నువ్వు రాసిందీ నిజం.

నీ ఉత్తరం వచ్చిన రోజు, ఎప్పటిలాగే చదివిపెట్టమని కమలనే పిలిచాను. ఆమె మొదటి వాక్యం చదివి ఆగిపోయింది. తర్వాత అంతా చదివింది, ఏమీ దాచకుండా. నేను ఆమెను వెళ్లిపొమ్మన్నాను. మళ్లీ రావద్దన్నాను. చేసిన తప్పు నాదైతే కోపం ఆమె మీద. ఇది జరిగి పన్నెండు రోజులు. బయటంతా పొగ. కిటికీలు మూసేసి ఉన్నాను. పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

కంటిపొర మధ్యభాగం పాడైందని డాక్టర్లు నిరుడు వసంతంలోనే చెప్పారు. కుడికన్ను ఇక రాదు. ఎడమకంటికి నెలనెలా సూదిమందు వేయించుకుంటే ఉన్నది నిలవవచ్చన్నారు. ఒకసారి వేయించుకుని మానేశాను. తీసుకెళ్లడానికి ఎవరినో అడగాలి. ఎవరినీ ఏదీ అడగకుండా అరవయ్యెనిమిదేళ్లు బతికాను. దాన్నే గొప్ప అనుకున్నాను.

ఎందుకు రాశానో చెబుతాను. సమర్థించుకోవడానికి కాదు.

ఆ పార్సిల్ మీద నా పేరుంది. రిటైరయ్యాక నా పేరుతో వచ్చినవి కరెంటు బిల్లూ, బ్యాంకు కాగితాలూ మాత్రమే. నువ్వు "తేల్చగలిగిన మనిషి మీరొక్కరే" అని రాశావు. చూడలేనని జవాబిస్తే నువ్వు ఆ స్లైడులను ఇంకెవరికో పంపుతావు. సరైన పని అదే. కానీ ఉత్తరం అక్కడితో ఆగిపోతుంది. మైక్రోస్కోపులో పెట్టాను. గులాబీరంగు. మెడ తిప్పితే అంచుల్లో ఏవో మెదిలాయి. వానల గురించి నువ్వు రాసింది పట్టుకుని, అలాంటి వానల్లో ఇలాగే జరుగుతుందని లెక్కవేసి, ఆ లెక్కకు "చూశాను" అని పేరు పెట్టాను. ముప్ఫై ఏళ్లలో ఏ విద్యార్థి అయినా ఆ పని చేసి ఉంటే ల్యాబ్‌లోంచి గెంటేసేదాన్ని.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పకపోతే మిగిలింది చెప్పీ లాభం లేదు. ఆగస్టు తర్వాత రోజూ గార్డు ఇంటర్‌కమ్ కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను. ఇంకో పార్సిల్ రావాలని కోరుకున్నాను. అంటే ఏమిటి? మీ తిత్తులు బాగుపడకూడదనే కదా. తీరా అది వచ్చాక విప్పడానికి భయం వేసింది.

కింద రాసింది మీ సంఘంలో అందరి ముందూ చదువు. మాణిక్యాన్ని కూడా పిలిపించి చదువు.

"అమ్మా, నా పేరు ఛాయాదేవి. మీ తాళ్లకు వచ్చింది రోగం కాదని ఆగస్టులో చెప్పింది నేను. నాకు కళ్లు కనిపించవు. కనిపించవన్న సంగతి దాచి, చూశానని రాశాను. హరితకు ఇది తెలియదు. ఆమె నన్ను నమ్మింది, మీరు ఆమెను నమ్మారు. మీలో ఒకామె చేత్తో పట్టి ఇది అంటురోగమని చెబితే నేను ఎగతాళి చేశాను. ఆమె చెప్పిందే నిజం. మీ కష్టం నా వల్ల పోయింది."

నువ్వు జవాబు రాయాలని లేదు.

ఛాయాదేవి


భీమిలి,
జనవరి 8, 2025.

మేడమ్‌గారికి నమస్కారాలు.

రెండు నెలలు మీకు రాయలేదు. కోపంతో నెల. రెండో నెల వేరే కారణం. అది చివర్లో చెబుతాను.

మీ మాటలు డిసెంబర్ మొదటివారంలో చదివాను. వలలు ఆరేసే పాకలో అందరూ కూర్చున్నారు. మాణిక్యం షెడ్డు నుంచి ఆలస్యంగా వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. వేళ్లు ఐసుకు పాలిపోయి ఉన్నాయి. చదవడం పూర్తిచేశాను. తర్వాత ఆమె అడిగింది:

"ఆవిడికి పిల్లాజెల్లా ఉన్నారా?"

"లేరు. ఒక్కరే ఉంటారు."

"సూపు పోడం తప్పేటి? మా అమ్మకీ పోనాది. పోనాదని సెప్పకపోడం తప్పు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "నానైతే ఇలాగ పదిమందిలో రాసి సదివించను. ఆ మాట ఆవిడికి రాయి."

ఇంకొకామె, "అయితే వదిలేసినట్టేనా పిన్నీ?" అని అడిగింది.

"వదిలీడానికి నానెవుర్ని? పోయినవి పోనాయి" అని వెళ్లిపోయింది. సంఘానికి తిరిగి రాలేదు. రెండుసార్లు వెళ్లి పిలిచాను. ఐసు పనైనా రేపు ఉంటుందని తెలుసు, నీ తిత్తులు రేపు ఉంటాయో లేదో తెలీదు అంది. మిగిలినవాళ్లలో ఐదుగురే ఉన్నారు. ఇరవై తాళ్లతో మళ్లీ మొదలుపెట్టాలని చూస్తున్నాం.

ఇక నా సంగతి. జులైలో మీకు స్లైడులు పంపేముందు నేనూ చూశానని రాశాను. ఏం చూశానో రాయలేదు. ఆరో నంబరు స్లైడులో, తొక్క మధ్య పొరలో, రక్తకణాలు ఉండకూడని చోట చిన్న చిన్న గుండ్రటి కణాలు గుంపుగా ఉన్నాయి. రక్తకణాల్లో సగం సైజు ఉంటాయి. ఒక అంచున ముదురు చుక్క. నిలువుగా తెగిన రెండింటికి మాత్రం సన్నని తోకలాంటి పోగులు, ఒక్కోదానికి రెండేసి. వాటి చుట్టూ తొక్క పోగులు కరిగినట్టున్నాయి. నోటుబుక్కులో బొమ్మ గీసుకున్నాను. పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

మీకు రాస్తే, అవి రక్తకణాలే, నీకింకా చూడటం రాలేదు అంటారేమోనని భయం. మూడుసార్లు తప్పినదాన్ని. నాలుగోసారి మీ ముందు తప్పడం ఇష్టం లేకపోయింది. మీరు జాడ లేదని రాశాక ఆ పేజీ మళ్లీ తెరవలేదు. డిసెంబర్‌లో పాకలో మీ మాటలు చదువుతూ "హరితకు ఇది తెలియదు" అన్న చోట ఆగి, ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. వాళ్లు అది మీ మీద జాలి అనుకున్నారు. పోయిన ఆదివారం ఆ ఐదుగురికీ బొమ్మ చూపించి చెప్పాను. ఆ తర్వాత షెడ్డుకు వెళ్లి మాణిక్యానికీ చెప్పాను. "మీ ఇద్దరికీ సదువెక్కువైపోనాది" అంది.

మేడమ్, నేను చూసింది ఏమిటి? ఇప్పుడేం చేయాలి?

హరిత


ద్వారక,
ఫిబ్రవరి 2.

చిరంజీవి హరితకు,

ఇది కమల రాస్తోంది. డిసెంబర్ చివర్లో ఒక ఉదయం మెట్లెక్కి వెళ్లి వాళ్ల తలుపు కొట్టాను. ఏం మాట్లాడాలో ఆరో అంతస్తు నుంచి ఏడో అంతస్తు దాకా అనుకుంటూ వెళ్లాను. తలుపు తీయగానే "రండమ్మగారూ, పప్పు మాడిపోతంది" అని లోపలికి పరుగెత్తింది. అనుకున్నదంతా గాల్లోనే పోయింది. వంటింట్లో స్టూలు మీద కూర్చుని, తప్పు చేశాను కమలా అన్నాను. "అచ్ఛా, ముందు ఉప్పు చూసి చెప్పండి" అని గరిట అందించింది. వాళ్ల అమ్మాయి తేజశ్రీ "మమ్మీ, ఆంటీ రో రహీ హై" అనేదాకా ఏడుస్తున్నానని నాకే తెలియలేదు.

నీ ఉత్తరంలో ఆరో స్లైడు భాగాన్ని కమల చేత ఐదుసార్లు చదివించుకున్నాను. అవి రక్తకణాలు కావు. ఆ చోటు, ఆ పరిమాణం, ఆ రెండు పోగులు, చుట్టూ కరిగిన తొక్క, అన్నీ ఒకే మాట చెబుతున్నాయి. తొక్కలో చేరి దాన్ని తినే ఏకకణ పరాన్నజీవి. నువ్వు సరిగ్గా చూశావు. నేను జవాబు రాసేనాటికే నీ నోటుబుక్కులో జవాబు ఉంది. కానీ నువ్వు చెప్పకపోవడానికి కూడా నాలో కొంత కారణం ఉంది. నా ముందు తప్పు చెప్పే ధైర్యం నా విద్యార్థులెవరికీ నేను మిగల్చలేదు.

ఇక చేయవలసింది. పాత తాళ్లూ పీపాలూ ఎంత ఎండబెట్టినా మళ్లీ వాడొద్దు. అదే చోట వేయొద్దు, కనీసం ఈ ఏడాది. పిల్లతిత్తులను జబ్బు రాని తీరం నుంచే తెచ్చుకోండి. వచ్చినవాటిని వారం పదిరోజులు విడిగా పెట్టి చూశాకే తాళ్లకు ఎక్కించండి. తాళ్ల మధ్య దూరం రెట్టింపు చేయండి. వారానికోసారి ప్రతి తాడు నుంచి మూడు తిత్తులు తీసి చేత్తో పిసికి చూడండి. మూతి ఎంత త్వరగా ముడుస్తుంది, నీళ్లు ఎంత దూరం చిమ్ముతున్నాయి రాసుకోండి. తొక్క మెత్తబడకముందే ఆ రెండూ మందగిస్తాయి. దీనికి మైక్రోస్కోపు అక్కర్లేదు. మాణిక్యం రాకపోయినా ఆ పని ఎలా చేస్తుందో అడిగి నేర్చుకో. అనుమానం ఉన్నదాన్ని నువ్వే కోసి, నువ్వే చూసి, నువ్వే తేల్చు. నీకు తోడుగా ఇంకో కన్ను కావాలంటే కొచ్చిలో ఉన్న నా పాత సహోద్యోగి సూర్యనారాయణగారి చిరునామా కమల వెనక పేజీలో రాస్తుంది. నా సంగతి ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పాను.

కేశవరావుగారికి జబల్‌పూర్ బదిలీ అయింది. మార్చి నెలాఖరుకు వీళ్లు వెళ్లిపోతారు. ఈ మాట రాయమంటే కమల పెన్ను ఆపి కూర్చుంది. రాయి అన్నాను.

అందుకే, మానేసిన సూదిమందు మళ్లీ మొదలుపెడుతూ ఆమెను తోడు రమ్మనలేదు. తర్వాతైనా ఒక్కదాన్నే వెళ్లాలి కదా. మొన్న బుధవారం ద్వారకలో మెట్రో ఎక్కాను. స్టేషన్ల పేర్లు చెబుతూనే ఉంటారు కాబట్టి కరోల్ బాగ్ దాకా ఇబ్బంది లేదు. దిగాక చిక్కొచ్చింది. ఆసుపత్రి వైపు ఏ గేటు నుంచి వెళ్లాలో పైన బోర్డుల మీద ఉంటుంది. నాకు బోర్డు ఉన్నచోట ఒక నల్లటి మరక. జనం రెండు పక్కలనుంచీ తోసుకుంటూ పోతున్నారు. స్తంభానికి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. ఇదివరకైతే ఏదో ఒక గేటు నుంచి బయటపడి, తప్పయితే రోడ్డంతా తిరిగి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేసేదాన్ని.

పక్కనుంచి బరువైన సంచీ, చెప్పుల చప్పుడు వెళ్తుంటే, "బేటా, ముఝే దిఖాయీ నహీ దేతా" అన్నాను. నాకు కనిపించదు అన్న ఆ మాట నా నోటితో పరాయి మనిషితో అనడం అదే మొదలు. పెద్దగా కూడా అన్నట్టున్నాను, ఇద్దరు ముగ్గురు ఆగారు. ఆ సంచీ ఒక అమ్మాయిది. చెవుల్లోంచి ఏవో తీసి, నా మోచెయ్యి పట్టుకుంది. కోచింగు క్లాసుకు పోతోందట. క్లాసు మొదలైపోతుందేమో వెళ్లమన్నాను. "కోయీ బాత్ నహీ, ఆంటీ" అని ఆసుపత్రి మెట్లదాకా వచ్చింది. దారిలో గుంట ఉంటే చెప్పింది, మెట్టు ఉంటే చెప్పింది.

తలుపు దగ్గర వదిలిపెడుతూ, మళ్లీ ఇంటికి ఎలా వెళ్తారని అడిగింది. ఎవరినో ఒకరిని అడుగుతానని చెప్పాను.

ఛాయాదేవి